లాగ్‌బుక్‌లో ఇరవై మూడు సార్లు

"మీ గాజు మురికిగా ఉందండీ" అంది పుణ్యవతి.

బర్నర్ ముందు కూర్చున్న మనిషి తల ఎత్తలేదు. చేతిలో గొట్టాన్ని తిప్పడం పూర్తి చేశాడు. మంట ఆపాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని అప్పుడు చూశాడు.

"ఏందీ?"

"ఈ తొమ్మిదో నంబరు సెల్లు మీరే చేశారు కదా? దీని చార్టులో రాకూడని గీత ఒకటి వస్తోంది. గాజులోంచే అని నా అనుమానం."

"అనుమానమా, ఖాయమా?"

"అనుమానమే."

"అనుమానానికే మురికి అంటిరి. ఖాయమైతే ఇంకేమంటుంటిరో!"

అతను సెల్లు తీసుకుని కిటికీ వైపు పట్టుకున్నాడు. బొటనవేలంత గాజు గొట్టం అది. రెండు కొనలూ కరిగించి మూసినవి. లోపల ద్రవం, ద్రవంలో అగ్గిపుల్ల వెడల్పున లిథియం రేకు.

"ఆసిడ్‌తోని కడిగిన. నీళ్ళతోని కడిగిన. ఓవెన్ల ఒక దినమంతా పెట్టిన. మా అమ్మ తోమిన గిన్నెలు గూడ గింత సాఫ్ ఉండయి. నా గాజు మీద మాట పడ్డంక ఊకోను మేడం. ఆ గీతేందో నాకు చూపెట్టాలె."

"వచ్చి చూడండి. ఎవరొద్దన్నారు?"

"వస్త."

అది 1978 జూలై. ఆ ప్రభుత్వ ప్రయోగశాల ఖాజాగూడ రాళ్ళ మధ్య ఉండేది. మెహదీపట్నం నుంచి రోజుకి నాలుగు బస్సులు వచ్చేవి. ప్రహరీ అవతల సీతాఫలం పొదలు, గొర్రెలు, చెరువు. హైటెక్ సిటీ అన్న పేరు పుట్టడానికి ఇంకా ఇరవై ఏళ్ళుంది.

వీరేశానికి ఇరవై ఏడు. ఊరు ఖాజాగూడే. సనత్‌నగర్‌లో నాలుగేళ్ళు గాజుపని నేర్చుకుని ఇక్కడ చేరాడు. పుణ్యవతికి ఇరవై నాలుగు. ఊరు అమలాపురం. వాల్తేరులో ఎమ్మెస్సీ చేసి ఫెలోషిప్ మీద వచ్చింది. దాన్ని ఏటా సెప్టెంబరులో పొడిగించాలి. పొడిగించే సంతకం ప్రాజెక్టు అధికారి చలపతిరావుది. ఆ సంతకం పడకపోతే ఆమె అమలాపురం బండి ఎక్కాల్సిందే.

క్యాంటీన్లో ఆంధ్రావాళ్ళు కిటికీ పక్క బల్లల దగ్గర, ఇక్కడివాళ్ళు తలుపు పక్క బల్లల దగ్గర తినేవారు. అరవై తొమ్మిది, డెబ్భై రెండు ఉద్యమాల నుంచీ అదే అలవాటు. అంతకుముందు పుణ్యవతి, వీరేశం మాట్లాడుకున్నది లేదు. సెల్లు కావాలంటే ఆమె కాగితం మీద కొలతలు రాసి పంపేది. అతను చేసి పంపేవాడు.

ఆ సాయంత్రం నాలుగూ పదికి అతను తన గదికి గోడ అవతలే ఉన్న లేజర్ గది తలుపు తట్టాడు.

గది చీకటిగా ఉంది. గోడలకి నల్లరంగు. లేజర్ కిరణం ఆకుపచ్చ దారంలా గదికి అడ్డంగా వెళ్ళి సెల్లులోని రేకుని తాకుతోంది. పక్కన యంత్రం, యంత్రం పక్కన కదులుతున్న కాగితం, కాగితం మీద కలం.

"మేము చేసేది బ్యాటరీలండీ" అంది పుణ్యవతి. "మంచు ప్రాంతాల్లో సైన్యం వాళ్ళ రేడియోలకి. ఏడాది పాటు అరలో ఉంచిన బ్యాటరీ స్విచ్ వేస్తే వెంటనే పలకదు. కొన్ని సెకన్లు నిద్రపోయి లేస్తుంది. ద్రవం తగలగానే లిథియం మీద ఒక పొర కడుతుంది. నిద్రకి కారణం అదే. ఆ పొర లేకపోతే లిథియమే మిగలదు. అందుకని అది ఏమిటో తెలుసుకోవాలి."

"పాల మీద మీగడ లెక్క."

"కొంచెం అలాగే."

"తీసి చూడరాదా?"

"గాలి తగిలితే మారిపోతుంది. మూత తీయకుండానే చూడాలి. లేజర్ పడితే ఒక్కో పదార్థం వెలుగుని కొంచెం రంగు మార్చి వెనక్కి పంపుతుంది. ఎంత మార్చిందో ఈ కలం గీస్తుంది."

"గిన్నె మూత తియ్యకుంట ఏం మీగడనో చెప్పాలె. పెద్ద పరేషానే పెట్టుకున్నరు."

"ఇదిగో, కలం పదకొండు వందల ఇరవై మూడు అంకె దగ్గరికి వస్తోంది. ఇక్కడే లేస్తుంది. చూడండి."

ఇద్దరూ వంగారు. కలం ఆ చోటు దాటింది. లేవలేదు.

"ఏది?"

"పొద్దున్న ఉంది."

"మురికి గూడ పొద్దున ఉంటది, మాపటికి పోతదా మేడం?"

"నేను అబద్ధం చెప్పడం లేదండీ."

"నేననలే. నన్ను చూసి దాక్కుందేమో. సిగ్గున్నట్టుంది దానికి."

అతను వెళ్ళిన ఐదు నిమిషాలకి పుణ్యవతి ఆ ముక్క మళ్ళీ గీయించింది. కలం లేచింది.

లాగ్‌బుక్ విషయంలో చలపతిరావుది ఒకటే నియమం. లారీ వెళ్ళినా, కరెంటు తగ్గినా, తలుపు తెరిచినా టైము, కారణం రాయాలి. ఎర్ర టార్చి వెలుగులో పుణ్యవతి రాసింది: 'సా. 4.10, వర్క్‌షాపు వీరేశం లోపలికి. 4.35, బయటికి.' కారణం అన్న గడిలో 'అనవసరంగా' అని రాసింది.

రెండోసారి అతను పదో నంబరు సెల్లు పట్టుకుని వచ్చాడు. మనిషితో పంపినా సరిపోయేది. మూడోసారి, తొమ్మిదో నంబరు బాగుందా అని అడగడానికి. నాలుగోసారి టార్చికి కొత్త సెల్లులు తెచ్చాడు. పాతవి ఇంకా పని చేస్తున్నాయి.

"ఇంత లిథియం పెట్టుకుని బజారు సెల్లులతోని టార్చి వేస్తున్నరు" అన్నాడు.

"మా సెల్లులు నిద్రపోతాయి కదండీ."

"మీరు కొడితే లేస్తయి తియ్యండి. మనుషులనే లేపుతున్నరు."

అతనున్నంతసేపూ ఆ గీత రాలేదు. వెళ్ళగానే వచ్చింది. ఐదోసారికి పుణ్యవతి దీన్ని ఆటలా తీసుకుంది. "మీరు వస్తున్నారని దీనికి ముందే తెలుస్తోందండీ" అంది.

"మీకు తెలుస్తుందా?"

ఆమె లాగ్‌బుక్‌లో పేజీ తిప్పింది.

'అనవసరంగా' అన్న మాట ఆరోసారి దాకా ఉంది. ఏడోసారి ఆ గడి ఖాళీగా వదిలేసింది. టైము మాత్రం రాసింది. ఆ తర్వాత ప్రతిసారీ టైము రాస్తూనే ఉంది, గడి ఖాళీగానే ఉంది.

చలపతిరావుకి ఆ గీత నచ్చింది. మూడేళ్ళుగా ఆయన ఈ పొర కోసం చూస్తున్నాడు. చార్టులన్నీ బల్ల మీద పరిచి చూపుడువేలితో చూపించాడు.

"వస్తోంది, పోతోంది. గమనించావా? పొర కడుతోంది, కరుగుతోంది, మళ్ళీ కడుతోంది. ఊపిరి తీసుకున్నట్టు. ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదమ్మాయ్ ఈ మాట. పేపర్ మీద నీ పేరు కూడా ఉంటుంది."

"ఎందుకు వస్తోందో, ఎందుకు పోతోందో తెలియదండీ."

"అదీ తెలుస్తుంది. సెప్టెంబరు పదిహేనున కమిటీ వస్తోంది. రిపోర్టు రాసెయ్."

పుణ్యవతి రిపోర్టు రాసింది. తను సంతకం చేయాల్సిన చోట ఖాళీ ఉంచింది.

సెప్టెంబరు ఏడున వాన పట్టుకుంది. ఐదున్నర బస్సు రాలేదు. పుణ్యవతి గేటు దగ్గర గొడుగు కింద నిలబడింది. గొడుగు గాలికి తిరగబడింది. సరి చేసుకుంటే మళ్ళీ తిరగబడింది.

"అది గొడుగా, గిన్నెనా?" అన్నాడు వెనక నుంచి వీరేశం. "నీళ్ళు పడుతున్నరా ఏంది?"

"నవ్వడం ఆపి పట్టుకోండి ముందు."

"బస్సు రాయదుర్గం కాడ ఆగిపోయిందట. గంట పడతది. మా ఇల్లు గా కనపడేదే. మా అమ్మ ఉంటది. ఫికర్ చెయ్యకుండ్రి."

"నేను ఫికర్ చేస్తున్నానని ఎవరన్నారు? పదండి."

ఇల్లు రెండు గదులది. వీరేశం తల్లి సత్తెమ్మ తలుపు దగ్గరే టవల్ ఇచ్చింది.

"రా బిడ్డా, కూసో. మస్తు తడిసినవ్. నువ్వేనా మా వోని గాజు మురికన్నది?"

పుణ్యవతి వీరేశం వైపు చూసింది. అతను పైకప్పు వైపు చూశాడు.

"అనుమానమే అన్నానమ్మా."

"అను, మంచిగయింది. చిన్నప్పటి సంది వాన్ని ఒక్కరు ఒక్క మాట అంటే వినలే. నువ్వన్నవని నెల రోజులు అదే ముచ్చట. అన్నం తిన్నా మురికే, పన్నా మురికే."

"అమ్మా, చాయ్ పెట్టు" అన్నాడు వీరేశం.

చాయ్ తాగారు. మక్క కంకులు కాల్చుకుని తిన్నారు. గంటకి బస్సు హారన్ వినపడింది. ముగ్గురూ లేచారు. గడప దాటుతూ సత్తెమ్మ గోడ మీద స్విచ్ నొక్కింది. ఇల్లు చీకటైంది.

"మీరు మళ్ళీ లోపలికే కదమ్మా వచ్చేది?" అంది పుణ్యవతి.

"వస్త. గని మనిషి లేని ఇంట్ల దీపమెందుకు బిడ్డా? ఈ ఊరికి కరెంటొచ్చి ఏడేండ్లే ఆయె. అంతకు ముందంత కందిలి. గాసునూనె కోసం పొద్దుందాక లైన్ల నిలబడేది. అర్ర దాటితే దీపం తగ్గియ్యాలె, లేకుంటే వీపు పగలాలె. మా వోనికి గూడ గదే అలవాటు. గడప దాటిండంటే చెయ్యి బటన్ మీదికే పోతది."

బస్సు వచ్చి ఆగింది. పుణ్యవతి ఎక్కలేదు.

"వీరేశం గారూ, నా గదికి వచ్చేటప్పుడు మీ గదిలో లైటు ఏం చేస్తారు?"

"బంద్ చేసి వస్త."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారి. ఎందుకు?"

"మన రెండు గదుల మధ్య గోడకి పైన వెంటిలేటర్ ఉందా?"

"ఉన్నది. దానికి నల్లరంగు వేసిండ్రు."

"ఇప్పుడుందా ఆ రంగు?"

వీరేశం ఆలోచించాడు. "పెచ్చులు పోయినట్టున్నది."

కండక్టర్ తల బయటికి పెట్టాడు. "అమ్మా, ఎక్కుతవా, ముచ్చట్లు పెడుతవా?"

"ట్యూబులైటులో ఏముంటుందండీ?" అని అడిగింది పుణ్యవతి, బస్సు మెట్టు మీద నిలబడి.

"పాదరసం. దాని వెలుగుల ఆకుపచ్చ గీతొకటి గట్టిగుంటది. నేను పాదరసం దీపాలు చేసిచ్చిన గదా..." వీరేశం ఆగిపోయాడు. "మేడం! ఆ గీత నాదేనా?"

"రేపు చెబుతాను" అంది పుణ్యవతి. బస్సు కదిలింది.

దారిలో టికెట్టు వెనక లెక్క వేసింది. లేజర్ రంగు నుంచి పాదరసం ఆకుపచ్చ ఎంత దూరమో తీసింది. పదకొండు వందల ఇరవై మూడు వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆమె కలాన్ని ఆ చోటే ఆపి గోడ మీద కొట్టింది. చెప్పుకున్నట్టే అవతల వీరేశం లైటు తీశాడు. కలం పడిపోయింది. మళ్ళీ కొట్టింది. వేశాడు. లేచింది. పదిసార్లు చేశారు. తర్వాత ఆమె లేజర్‌ని ఆకుపచ్చ నుంచి నీలానికి మార్చింది. పొర పంపే గీత ఏదైనా లేజర్‌తో పాటే జరగాలి. ఇది జరగలేదు. ఉన్నచోటే ఉంది. దానికి కొంచెం కింద ఒక చిన్న గీత మాత్రం లేజర్ ఎటు పోతే అటు వచ్చింది. లైటు తీసినా పోలేదు. రెండు నెలలుగా పెద్ద గీత పక్కన దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

చలపతిరావు చార్టులు చూశాడు. ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

"రిపోర్టు ఢిల్లీ వెళ్ళిపోయింది" అన్నాడు.

"నా సంతకం లేదండీ అందులో."

"కమిటీ ముందు చేద్దువుగాని."

"చేయనండీ. అది ట్యూబులైటు."

"దేన్ని పట్టుకుని నిరూపిస్తావ్? ఒక్క పొద్దుటి చార్టా?"

"లాగ్‌బుక్ ఉంది. అతను వచ్చిన ప్రతిసారీ గీత లేదు. మిగతా టైములో ఉంది. రెండు నెలల లెక్క."

చలపతిరావు లాగ్‌బుక్ తెరిచాడు. పేజీలు తిప్పాడు. వేలితో లెక్కపెట్టాడు.

"ఇరవై మూడు సార్లు" అన్నాడు. "చీకటి గది. వర్క్‌షాపు మనిషి. ఇది కమిటీ ముందు చదువుతావా అమ్మాయ్? మీ నాన్నగారు స్కూలు మాస్టారు. పెద్దమనిషి. ఆయనకి ఈ సంగతి నా నోటి నుంచి తెలియడం నాకిష్టం లేదు. నీ ఫెలోషిప్ కాగితం కూడా ఇంకా నా సొరుగులోనే ఉంది. ఆలోచించుకో."

ఆ సంగతి తెలిసి వీరేశం లేజర్ గది తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నా పేరు కొట్టేయండి మేడం. లేకుంటే లారీ పోయిందని రాయండి. మీ నౌకరీ పోతది. మీ నాయినకు మాట వస్తది. నాదేముంది, ఊర్లెనే ఉంటోన్ని."

"లాగ్‌బుక్‌లో రాసింది కొట్టేయడం మీ గాజు మురికిగా వదిలేయడం లాంటిదండీ. మీరు వదులుతారా?"

"వదల."

"నేనూ వదలను. మీరు వచ్చారు. నేను రాశాను. ఇందులో దాచాల్సింది నాకేం కనపడలేదు. మీకు కనపడిందా?"

"లేదు."

"అయితే శుక్రవారం మీ గదిలో కూర్చోండి. గోడ మీద కొడతాను."

ఆ సాయంత్రం ఆమె తండ్రికి ఉత్తరం రాసింది. ట్యూబులైటు సంగతి, రిపోర్టు సంగతి రాసింది. వీరేశం అనే గాజుపని మనిషి ఇరవై మూడు సార్లు వచ్చాడనీ, తనకి అతనంటే ఇష్టమనీ, ఇది వేరేవాళ్ళు రాసేలోగా తానే రాస్తున్నాననీ రాసింది. మెహదీపట్నం పోస్టుడబ్బాలో వేసింది.

శుక్రవారం కమిటీ నుంచి ముగ్గురు లేజర్ గదికి వచ్చారు. కమిటీకి పెద్ద భీమేశ్వరరావు, బెంగుళూరు నుంచి వచ్చిన ప్రొఫెసరు, అరవై దాటినవాడు. చలపతిరావు రిపోర్టు చదివాడు. ఊపిరి తీసుకునే పొర అన్న చోట గొంతు తగ్గింది.

"ఇక్కడ సంతకం లేదేం?" అన్నాడు భీమేశ్వరరావు.

పుణ్యవతి లేచింది. "నేను చేయలేదండీ. ఆ గీత పొరది కాదు, పక్క గదిలో ట్యూబులైటుది. లెక్క లాగ్‌బుక్‌లో ఉంది."

ఆయన పుస్తకం తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఈ వీరేశం ఎవరు?"

"గాజుపని చేస్తారండీ."

"ఇరవై మూడు సార్లు లేజర్ గదిలో ఆయనకేం పని?"

చలపతిరావు తల వంచుకున్నాడు. పుణ్యవతి వంచుకోలేదు.

"మొదటి ఆరుసార్లు పని లేదండీ. అదే రాశాను, అనవసరంగా అని."

కమిటీలో ఒకాయన దగ్గాడు.

"ఏడోసారి నుంచి ఆ మాట లేదేం?"

"అనవసరం కాదు గనకండీ."

గోడ అవతల ఏదో గాజు కిందపడి పగిలింది.

"వింటున్నట్టున్నాడు" అన్నాడు భీమేశ్వరరావు. "సరే. చూపించు."

ఆమె గోడ మీద కొట్టింది. కలం పడింది. మళ్ళీ కొట్టింది. లేచింది. భీమేశ్వరరావు తానే లేచి వెళ్ళి కొట్టాడు. మూడుసార్లు కొట్టాడు. నాలుగోసారి నవ్వుతూ కొట్టాడు. తర్వాత ఆమె లేజర్ రంగు మార్చి చిన్న గీతని చూపించింది.

"లేజర్‌తో పాటు జరిగేది ఇదొక్కటేనండీ. పొర ఇదే అనుకుంటున్నాను. ఏ పదార్థమో చెప్పడానికి ఇంకో ఏడాది కావాలి."

భీమేశ్వరరావు చలపతిరావు వైపు చూశాడు. చలపతిరావు లేచి నిలబడ్డాడు.

"ఆ వెంటిలేటర్‌కి నల్లరంగు వేయించింది నేనేనండీ. మూడేళ్ళ కింద. మళ్ళీ తలెత్తి చూడలేదు. రిపోర్టు వెనక్కి తీసుకుంటాను."

ఆయన తన గదికి వెళ్ళి సొరుగులోంచి ఫెలోషిప్ కాగితం తెచ్చాడు. కమిటీ ముందే సంతకం పెట్టాడు. పుణ్యవతికి ఇస్తూ ఆమె వైపు చూడలేదు. "మీ నాన్నగారికి నేనేమీ రాయనులే" అన్నాడు నెమ్మదిగా.

"నేనే రాసేశానండీ."

ఆమె పక్క గదికి వెళ్ళేసరికి వీరేశం పగిలిన ముక్కలు ఏరుతున్నాడు.

"వినపడిందా?" అంది.

"వెంటిలేటర్ల నుంచి వెలుగే కాదు మేడం, మాటలు గూడ వస్తయి."

"ఇంకోసారి మేడం అంటే నేను పలకను."

"మరేమనాలె?"

"నాకో పేరుంది. మా ఇంట్లో ఎప్పుడో పెట్టారు."

పన్నెండు రోజులకి అమలాపురం నుంచి కార్డు వచ్చింది. వీరేశం నిచ్చెన మీద నిలబడి వెంటిలేటర్‌కి నల్లరంగు వేస్తున్నాడు. పుణ్యవతి కింద నిలబడి చదివింది.

"చిరంజీవి పుణ్యవతికి ఆశీస్సులు. నువ్వు సంతకం పెట్టనందుకు సంతోషించాను. మీ అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు తింది. నీ గదికి ఇరవై మూడు సార్లు వచ్చినవాడు మన ఇంటికి ఒక్కసారి రాలేడా? దసరా సెలవులకి తీసుకురా. వాళ్ళమ్మగారిని కూడా రమ్మను."

నిచ్చెన మీద కుంచె ఆగింది.

"తప్పున్నది" అన్నాడు వీరేశం.

"ఎక్కడ?"

"ఇరవై మూడు కాదు పుణ్యవతీ. ఇరవై నాలుగు. ఒక దినం నువ్వు లేకుంటివి. తలుపు కాడ జరసేపు నిలబడి వచ్చిన."

ఆమె గదిలోకి వెళ్ళి లాగ్‌బుక్ తెచ్చింది. తర్వాత చేర్చే మాట ఎర్రసిరాతో రాసి, పక్కన సంతకం పెట్టాలి. అది కూడా నియమమే. ఆమె ఎర్రకలం మూత తీసింది.

"తేదీ చెప్పు."

"ఆగస్టు పంతొమ్మిది. శనివారం. పావుతక్కువ నాలుగు."

రాసింది. కారణం అన్న గడి దగ్గర ఆగి తలెత్తి చూసింది.

"ఇక్కడేం రాయను?"

వీరేశం నిచ్చెన దిగాడు. చేతికి నల్లరంగు అంటి ఉంది. పుస్తకానికి తగలకుండా చేతులు వెనక్కి పెట్టుకుని ఆమె భుజం మీదుగా గడిని చూశాడు.

"అవసరముండి వచ్చిన" అన్నాడు. "గట్లనే రాయి."

రాసి, సంతకం పెట్టింది.